రెండొందల పద్నాలుగు పెట్టెలు

మొన్న మన గ్రూపులో ఒక కుర్రాడు అడిగాడు. "అన్నలూ, జర్మనీ వెళ్ళి పెద్ద కారు తెచ్చుకోనా, మామూలు జపాన్ కారు కొనుక్కోనా? ఏది నమ్మకం?" అని. నేనూ రెండు ముక్కలు రాద్దామని మొదలుపెట్టా. రాస్తూ ఉంటే అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని అర్థమైంది. అందుకని హిల్కా అక్క కథ మొత్తం చెప్పేస్తున్నా. కాఫీ పోసుకుని కూర్చోండి.

నా గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట. నా పేరు ఓస్మో. అడవిలో చెట్లు కోసే మిషను నడుపుతా. మాది పియెలినెన్ సరస్సు ఒడ్డున పిట్కాలహ్తి. ఆరేళ్ళ కిందట నేనే జర్మనీ వెళ్ళి, ఓడ మీద రెండు రాత్రులు కూర్చుని, నల్ల కారు ఒకటి తెచ్చుకున్నా. తోలు సీట్లు. వెనక సీట్లు కూడా వెచ్చబడతాయి. వెనక ఎవరూ కూర్చోరనుకోండి, అయినా వెచ్చబడతాయి. మా ఆవిడ పోయాక నేను నాకోసం కొనుక్కున్న పెద్ద వస్తువు అదొక్కటే.

హిల్కా అక్క మా పక్కింటామె. అరవై దాటాయి. పిట్కాలహ్తి దారిలో పోస్టు ఆవిడే పంచుతుంది. ఆవిడ కారు జపాన్ వాళ్ళ చిన్న ఎర్ర కారు. మొదట ఇంగ్లండులో తిరిగింది, అందుకని స్టీరింగు కుడి పక్కన ఉంటుంది. మన దగ్గర బండ్లు నడిచేదీ, పోస్టు పెట్టెలు ఉండేదీ రోడ్డుకి కుడి పక్కనే కదా. దిగకుండా కిటికీలోంచి చెయ్యి చాపి పడేయొచ్చు. ఇప్పటికి నాలుగు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఎర్ర రంగు సగమే మిగిలింది.

మా ఇద్దరికీ పెట్రోలు బంకు కాఫీ బల్ల దగ్గర ఎప్పుడూ ఇదే గొడవ. ప్రతి ఏడాదీ బండ్ల తనిఖీలో ఏ రకం కార్లు ఎన్ని ఫెయిలయ్యాయో పేపర్లో పట్టీ వేస్తారు కదా. నేను అది కత్తిరించి జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి.

"అక్కా, చూసుకో. మా కారు పైనుంచి మూడోది. మీది ఎక్కడుందో వెతుక్కోవాలంటే కళ్ళజోడు కావాలి" అనేవాణ్ణి.

"ఒరేయ్ ఓస్మో, ఎన్ని కార్లు ఫెయిలయ్యాయో రాశార్రా ఇందులో. ఆ కార్ల చేత ఏం పని చేయించారో రాశారా? నీ కారు వారానికోసారి కాఫీ తాగడానికి వస్తుంది. దానికి జబ్బెందుకు చేస్తుంది?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను పట్టీ మడిచి మళ్ళీ జేబులో పెట్టుకునేవాణ్ణి.

సరే, అసలు విషయానికొస్తా. ఆ జనవరిలో పోస్టువాళ్ళు మా దారిని కొలవడం మొదలుపెట్టారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఐదు రోజులు. అక్క సంచీలో ఒక చిన్న యంత్రం పెట్టారు. ఏ పెట్టె దగ్గర ఎన్ని గంటలకి ఉందో అదే రాసుకుంటుంది. మొత్తం రెండొందల పద్నాలుగు పెట్టెలు. ఆఖరి పెట్టె మధ్యాహ్నం రెండు లోపు అయిపోవాలి. ఒక్కరోజు తప్పినా సరస్సు వైపున్న చివరి పదిహేడు పెట్టెలూ పీకేసి నాలుగు కిలోమీటర్ల అవతల కూడలిలో పాతేస్తారు. ఆ పదిహేడు ఇళ్ళలో కారు నడపగలిగేవాళ్ళు ఐదుగురో ఆరుగురో. మిగతావాళ్ళు తన్నుబండి, అదే ఒక కాలి మీద నిలబడి రెండో కాలితో మంచుని తన్నుకుంటూ పోయే బండి, తోసుకుంటూ వెళ్ళాలి. ఆఖరింటి లెంపి అమ్మమ్మకి ఎనభై ఎనిమిది. ఆవిడ నాలుగు కిలోమీటర్లు ఎలా వెళ్తుంది చెప్పండి?

సోమవారం అక్క ఒంటిగంటన్నరకే పూర్తి చేసింది. ఆ సాయంత్రమే కారు తనిఖీ. ఏడాది గడువు బుధవారంతో ఆఖరు, ఎప్పటిలాగే చివరిదాకా లాగింది. ఆ రోజే నా కారుకి కూడా. నాది ముందు వెళ్ళింది. ఆర్వో అని మా తనిఖీ ఆయన, మాటకారి కాదు, కింద లైటు వేసి చూసి, రోలర్ల మీద బ్రేకు పరీక్ష చేసి, కాగితం నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట రాయలేదు అందులో. నేను ఆ కాగితం అక్కకి కనబడేలా పట్టుకుని గోడ పక్కన నిలబడ్డా. చిన్నపిల్లాడిలా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎర్ర కారు రోలర్ల మీదకెక్కింది. ఆర్వో హాండ్‌బ్రేకు లాగాడు. వెనక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఇంకా గట్టిగా లాగాడు. అబ్బే.

"హిల్కా, ఇది ఆఖరిసారి ఎప్పుడు లాగావు?"

"చలికాలంలో హాండ్‌బ్రేకు ఎవడు లాగుతాడయ్యా? మంచుకి పట్టుకుపోదూ? గేరులో పెట్టి దిగుతా."

"ఎవరూ లాగరు. అందుకే తీగ లోపల తుప్పు పడుతుంది. జనవరి అంతా నాకిదే పని" అన్నాడు ఆర్వో. తరవాత మామూలు బ్రేకు మీద కాలు పెట్టి, పద్ధతి ప్రకారం బలంగా తొక్కాడు. టప్పుమని చిన్న చప్పుడు. కారు కింద నేల మీద బ్రేకు ఆయిలు బొట్లుబొట్లుగా పడింది. వెనక పైపు తుప్పు పట్టి ఉంది, ఆ తొక్కుడికి పగిలింది.

ఆర్వో టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయన ఇల్లు కూడా అక్క దారిలోనే. నూట ఇరవయ్యో పెట్టె. అయినా రాయాల్సింది రాశాడు. రోడ్డు మీద నడపరాదు. బాగుచేయించి, నేరుగా ఇక్కడికే తీసుకురావాలి.

"ఇంకో చోట పగిలుంటే?" అన్నాడు నెమ్మదిగా. "కొండ దిగేటప్పుడు పగిలుంటే?"

"నిన్నేమీ అనలేదు కదయ్యా" అంది అక్క.

మా ఊళ్ళో షెడ్డున్న తౌనోకి ఫోన్ చేసింది. బండిని తనే వచ్చి లాక్కెళ్తానన్నాడు, పైపు ఒక పూటలో వేసేస్తానన్నాడు. హాండ్‌బ్రేకు తీగే సమస్య. కుడి స్టీరింగు బండిది కదా, ఇంగ్లండు నుంచి రావాలి. గురువారం బస్సు పార్శిల్లో వస్తుందన్నాడు. పోస్టు మేనేజరు కైసాకి కూడా చేసింది. ఆ పిల్ల మంచిదే, కానీ చేతిలో ఉన్నది పైవాళ్ళ కాగితం. "వేరే కుడి స్టీరింగు బండి లేదు హిల్కా. కొలత వాయిదా వేయమని అడిగాను, ఒప్పుకోలేదు" అంది. ఎడమ స్టీరింగు బండిలో ఒక్క మనిషి రెండొందల పెట్టెలకి సీటు మీంచి వంగి అందించాలంటే సాయంత్రమవుతుంది.

అక్క ఫోన్ జేబులో పెట్టుకుంది. మొహం తిప్పుకుంది. ఆవిడ మొహం తిప్పుకోవడం నేను నలభై ఏళ్ళలో చూడలేదు.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "నేను నడుపుతా. నువ్వు కుడి పక్క కూర్చుని పెట్టెల్లో వెయ్యి. మైనస్ ముప్పై కదా, మా మిషన్లు ఎలాగూ ఆపేశారు."

"నీ కారులోనా?"

"మరి? పట్టీలో మూడోది అక్కా."

"నోరు ముయ్యి" అంది. కానీ నవ్వింది. కైసా కూడా సరేనంది. ఒకటే షరతు, నేను ఉత్తరాలు ముట్టుకోకూడదు.

మంగళవారం ఎనిమిదింటికి బయల్దేరాం. మైనస్ ఇరవై తొమ్మిది. నా కారు ఎలా ఉందంటే, లోపల కూర్చుంటే చలికాలమనే తెలియదు. సీటు వెచ్చన, స్టీరింగు వెచ్చన, మంచు మీద చప్పుడే లేదు. అక్క తోలు మీద చెయ్యేసి తడిమింది. "ఒరేయ్, ఇది మా ఇంటి సోఫా కన్నా బాగుందిరా" అంది. నాకు లోపల ఎంత సంతోషమో.

అరవై మూడో పెట్టె దాకా ఆ సంతోషం ఉంది. అక్కడ కిటికీ ఆగిపోయింది. కిందకి దిగదు, పైకి రాదు. మీట నొక్కితే లోపల చిన్నగా క్లిక్ మంటుంది, అంతే. కారు పుస్తకం తీసి చూశా. మాటిమాటికీ దించి ఎక్కిస్తే మోటారు వేడెక్కకుండా అదే కాసేపు ఆగిపోతుందట. విశ్రాంతట.

"ఏమంటున్నారు దొరగారు?"

"విశ్రాంతి తీసుకుంటోంది అక్కా."

"నేను ముప్పై ఏళ్ళ నుంచీ తీసుకోలేదు, చెప్పు దానికి."

ఐదు నిమిషాలయ్యాక కిటికీ దిగింది. ఇక ఎత్తలేదు. మైనస్ ఇరవై తొమ్మిదిలో కిటికీ బార్లా తెరిచి, ఒళ్ళో దుప్పటి వేసుకుని కూర్చుంది ఆవిడ. నా చెవులు కొయ్యల్లా అయిపోయాయి. అయినా నడుము కింద వెచ్చగానే ఉంది. ఆ కారు హీటరుని పొగడకుండా ఉండలేను. మధ్యాహ్నం దాకా పూర్తి జోరు మీద ఊదుతూనే ఉంది, ఒక్కసారి కూడా తడబడలేదు. ఆఖరి పెట్టె ఒంటిగంట యాభై ఎనిమిది. యంత్రం బీప్ మంది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

బుధవారం ఒంటిగంటా యాభై ఒకటి. గురువారం నలభై నాలుగు. నేర్చుకున్నాం మరి. ఆవిడ "ఊఁ" అంటే బ్రేకు, "ఆఁ" అంటే కదలడం. రెండు టన్నుల కారు, వెనక చక్రాల లాగుడు, అడుగు నేలకి జానెడు ఎత్తులో ఉంది. పెట్టె దగ్గర ఆగడం, కదలడం, రోజుకి రెండొందల పద్నాలుగు సార్లు. ఆ ఇంజనీర్లు కలలో కూడా అనుకుని ఉండరు దానికి ఈ పని పడుతుందని. ఒక్క దీపం వెలగలేదు ముందర. గురువారం అక్కే అంది, "నీ బండి ఒళ్ళొంచి పనిచేస్తుందిరా ఓస్మో. ఇన్నాళ్ళూ నువ్వు చేయించలేదంతే." నాకు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎవరూ ఇవ్వలేదు.

ఆ పొగడ్తే కొంప ముంచింది.

గురువారం సాయంత్రం చూస్తే కారు మంచు బురదతో బూడిద రంగులోకి తిరిగింది. రేపు ఆఖరి రోజు. సరస్సు వాళ్ళందరూ చూస్తారు. ఇంత మర్యాద చేసిన కారుని ఇలా తీసుకెళ్తానా అనుకున్నా. టౌనుకి వెళ్ళి కడిగే హాల్లో పెట్టి పైన, కింద, చక్రాల లోపల, వేడి నీళ్ళతో బాగా కడిగించా. తళతళలాడుతూ ఇంటికొచ్చా. వాకిట్లో ఆపి ఇంజను కట్టేశా. ఈ కార్లు కట్టేయగానే హాండ్‌బ్రేకు వాటంతటవే వేసుకుంటాయి. జుయ్ మని చిన్న చప్పుడు వినబడింది. మంచి ఏర్పాటే అనుకుంటూ ఇంట్లోకి వెళ్ళి పడుకున్నా.

పొద్దున్న ఐదున్నరకి బయటికొస్తే మైనస్ ముప్పై ఒకటి. తలుపు పిడి లాగితే పిడి వంగింది, తలుపు రాలేదు. కడిగిన నీళ్ళు గడ్డకట్టి నాలుగు తలుపులూ అతుక్కుపోయాయి. వెనక డిక్కీలోంచి దూరి, సీట్ల మీంచి పాక్కుంటూ ముందుకొచ్చి ఇంజను వేశా. ఒక్క నొక్కుకే వేసుకుంది, అది మాత్రం చెప్పాలి. గేరు వేసి కదిలించబోయా. వెనక చక్రాలు రెండూ మంచులో పాతినట్టున్నాయి. బ్రేకు పట్టుకుపోయింది. ముందుకి లాగా, వెనక్కి లాగా. కర్ర తెచ్చి చక్రాల మీద కొట్టా. లాభం లేదు. యాభై ఏళ్ళు పైబడి ఈ మంచులో ఉన్నవాణ్ణి. మా నాన్న నాకు నేర్పిన మొదటి విషయం, చలిలో హాండ్‌బ్రేకు ముట్టుకోకురా అని. నేను ముట్టుకోలేదు. అదే వేసుకుంది. కానీ నీళ్ళు పోసింది మాత్రం నేనే.

అక్క వచ్చి మెరుస్తున్న కారుని చూసింది. నన్ను చూసింది.

"కడిగావా?"

"ఊఁ."

"మైనస్ ముప్పైలో?"

"నువ్వు బాగుందన్నావు కదా అని..."

తిడుతుందనుకున్నా. తిట్టలేదు. వాచీ చూసుకుంది. "తౌనో షెడ్డుకి నడువు" అంది.

తౌనో రాత్రే తీగ బిగించేశాడు. ఎర్ర కారు షెడ్డులో వెచ్చగా ఉంది. తనిఖీకి నేరుగా తీసుకెళ్ళడానికి మాత్రం అనుమతి ఉంది కదా. కాకపోతే తనిఖీ తలుపు తెరిచేది ఎనిమిదింటికి. ఆర్వో ఎనిమిదికి ఒక్క నిమిషం ముందు కూడా తీయడు, ముప్పై ఏళ్ళలో తీయలేదు. అక్క ముందే సాయంత్రం నాలుగింటికి సమయం తీసుకుని ఉంది. పొద్దున్న వరసలో మా పేరు లేదు.

ఆరింటికి అక్క పోస్టు సర్దుకోవడానికి వెళ్ళింది. అది తనిఖీ హాలుకి పక్క సందే. నేను కారులో కూర్చుని తలుపు ముందు కాపలా. ఏడున్నర దాటేసరికి, ముందే సమయం తీసుకున్న నాలుగు కార్లు వచ్చి నా ముందు వరసకట్టాయి. ఒక్కొక్కదానికి ఇరవై నిమిషాలు. లెక్క కట్టుకుని కళ్ళు మూసుకున్నా. తొమ్మిదిన్నర దాటుతుంది. అయిపోయింది.

ఎనిమిదికి ఐదు నిమిషాలుందనగా అక్క రెండు చేతుల్తో పోస్టు సర్దిన అట్టపెట్టెలు మోసుకొచ్చి వెనక సీట్లో పెట్టింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. మనవాళ్ళం అడుగుతామా? చచ్చినా అడగం. వరసలో మూడోవాడు ఇంజను ఆపి దిగి, చేతులు ఊదుకుంటూ నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"పిట్కాలహ్తి కొలతేనా?"

"అవును. ఈ రోజే ఆఖరు."

ఇంకేం అడగలేదు. ముందుకెళ్ళి మొదటి కారు అద్దం మీద తట్టి ఏదో అన్నాడు. మొదటిది నాలాంటి కారే, తెల్లది, ఇంకా కొత్తది. అందులో ఆయన తల ఊపి, వెనక్కి తీసి, పక్కకి పెట్టేశాడు. రెండోవాడు తీశాడు. నాలుగోవాడూ తీశాడు. ఎవరూ చెయ్యి ఊపలేదు, నవ్వలేదు. తలుపు ముందు ఖాళీ అయింది. అక్క స్టీరింగు దగ్గర కూర్చుని ముక్కు చీదుకుంది, అంతే.

ఎనిమిదింటికి తలుపు లేచింది. ఆర్వో బయట నిలబడ్డ కార్లని చూశాడు, మమ్మల్ని చూశాడు, లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. దయ చూపిస్తాడేమో అనుకున్నా. చూపించలేదు. ఎంత పట్టిపట్టి చూశాడంటే నాకు కోపమొచ్చింది. లైటేసి పైపు మొత్తం వేలితో తడిమాడు. తరవాత రోలర్లు. సోమవారం తొక్కినంత బలంగానే తొక్కాడు, ఇంకా కాస్త ఎక్కువే తొక్కాడేమో. నేను నేల వైపే చూస్తున్నా. పొడిగా ఉంది. హాండ్‌బ్రేకు లాగాడు. రెండు చక్రాలూ టక్కున ఆగాయి.

కాగితం మీద ముద్ర వేసి అక్కకి ఇచ్చాడు. "ఇప్పుడు నాకు నిద్ర పడుతుంది" అన్నాడు. నాకు కోపం పోయింది.

ఎనిమిదీ ముప్పై నాలుగు. అక్కకి మామూలుగా పట్టేది ఐదున్నర గంటలు. అంటే రెండూ నాలుగు. నాలుగు నిమిషాలు ఎక్కడో మిగల్చాలి.

"నేను కూడా వస్తా. కట్టల దారాలు విప్పి అట్టపెట్టెలు ముందుకి జరుపుతా. ఉత్తరాల మీద చెయ్యి వెయ్యను" అన్నా.

"ఎక్కు. కాళ్ళు దగ్గరికి పెట్టుకో, ఇది నీ సోఫా కాదు."

గ్రూపులో అందరికీ చెప్తున్నా, ఆ ఐదున్నర గంటలూ నేను ఎడమ సీట్లో కూర్చుని చూసింది ఏ పట్టీలోనూ ఉండదు. హీటరు కాళ్ళకి కొంచెం, అద్దానికి కొంచెం, అంతే ఇస్తుంది. లోపల కప్పుకి మంచు పట్టింది. కిటికీ చేత్తో తిప్పేది. ఆవిడ మూడు తిప్పులకి దించుతుంది, రెండు తిప్పులకి సగం ఎత్తుతుంది. ఆ పిడికి విశ్రాంతి లేదు, అలసట లేదు. అరిగిపోయి నున్నగా, ఎముకలా తెల్లగా ఉంది. ఎడం చేత్తో గేరు, కుడి చేత్తో పేపరు. కారు పూర్తిగా ఆగదు కూడా. మనిషి నడిచే వేగంలో పెట్టె పక్కగా జారుతుంది. పెట్టె మూత లేస్తుంది, పేపరు పడుతుంది, మూత పడుతుంది. కారు అప్పటికే రెండో గేరులో ఉంటుంది. ఎక్కడా కుదుపు లేదు. ఇంజను ఒక్కటే స్వరంలో, పక్క గదిలో కుట్టు మిషనులా.

"నువ్వు నడుపుతున్నావా, అది నడుస్తోందా అక్కా?"

"మాట్లాడకు. తొంభై ఒకటి నుంచి నూట పది దాకా ఉన్న అట్టపెట్టె ఇటు జరుపు."

నూట డెబ్భై ఒకటి దగ్గర కారు ఆగింది. మొదటిసారి పూర్తిగా ఆగింది. అది కాలెవి పెట్టె. ఎనభై ఏళ్ళ ఒంటరి మనిషి. పెట్టెలో నిన్నటి పేపరు అలాగే ఉంది.

వాచీ చూశా. ఒంటిగంటా రెండు నిమిషాలు. మేం సరిగ్గా గీత మీద ఉన్నాం. ఆయన ఇల్లు రోడ్డుకి రెండొందల మీటర్ల లోపల, పైకి. ఆ లెక్క నా మొహంలో కనబడే ఉంటుంది.

"కొలత కోసం మనిషిని వదిలేసి పోతామట్రా?" అంది తలుపు తీస్తూ.

"నువ్వుండు" అన్నా. "పక్క దారిలో తొమ్మిది పెట్టెలున్నాయిగా, అవి చుట్టిరా. నేను వెళ్తా."

పరుగెత్తా. యాభై నాలుగేళ్ళకి మైనస్ ముప్పై ఒకటిలో, బరువైన బూట్లతో. ఊపిరి గొంతులో సూదుల్లా గుచ్చుకుంది. తలుపు బాదా. చాలాసేపటికి కాలెవి తీశాడు. ముక్కు ఎర్రగా, మెడకి ఉన్ని పట్టీ.

"ఎవడ్రా నువ్వు, తలుపు విరగ్గొడతావా?"

"పోస్టు తాతా! పేపరు తీయలేదని..."

"జలుబు చేసింది. పేపర్లో మాత్రం ఏముంది? చావలేదని చెప్పు హిల్కాకి." తలుపు వేయబోయి ఆగాడు. "బల్ల మీద పిరాకాలున్నాయి. రెండు పట్టుకుపో."

నేను గుడ్డు కలిపిన వెన్న పూసిన ఆ చిన్న రొట్టెలు రెండూ కోటు జేబులో కుక్కుకుని కిందకి దొర్లినట్టు వచ్చేసరికి ఎర్ర కారు మలుపు తిరిగి వస్తోంది. ఆగలేదు. తలుపు తీసి పట్టుకుంది, నేను పక్కన పరుగెత్తుతూ లోపలికి దూకా.

"బతికే ఉన్నాడు. చావలేదని చెప్పమన్నాడు."

"తెలుస్తోంది, గుడ్డువెన్న వాసన నీ జేబులోంచే వస్తోంది" అంది. కళ్ళు తుడుచుకుని మూడో గేరు వేసింది.

సరస్సు వైపు తిరిగేసరికి ఒంటిగంటా నలభై. పదిహేడు పెట్టెలు. గాలికి రోడ్డు మీద మంచు మోకాలెత్తు పేరుకుంది. నా నల్ల కారైతే పొట్ట ఆనించి అక్కడే కూర్చునేది, నిజం చెప్తున్నా. ఈ చిన్నది తేలిక. సన్నటి చక్రాలు మంచుని కోసుకుంటూ కిందున్న గట్టి నేల పట్టుకున్నాయి. ఒకచోట జారింది. అక్క స్టీరింగుని వేళ్ళతో ఇలా తిప్పింది, అంతే, మళ్ళీ దారిలోకొచ్చింది. ఆవిడా తొందరపడలేదు, కారూ తొందరపడలేదు. తొందరంతా నాదే. నూట తొంభై ఎనిమిది. రెండొందల ఐదు. పదకొండు. పదమూడు.

లెంపి అమ్మమ్మ పెట్టె పక్కనే తన్నుబండి పట్టుకుని నిలబడుంది. మూడు శాలువలు కప్పుకుని. అక్క పేపరు పెట్టెలో వేయకుండా ఆవిడ చేతికే ఇవ్వబోయింది.

"పెట్టెలో వెయ్యవే! పెట్టెలోనే వెయ్యి, యంత్రం చూస్తుంది!" అని అరిచింది ముసలావిడ.

పెట్టెలో వేసింది. బీప్. ఒంటిగంటా యాభై ఏడు.

కాలెవి పిరాకాలు గడ్డకట్టి రాళ్ళయ్యాయి. హీటరు ముందు పెట్టి కరిగించి ముగ్గురం అక్కడే నిలబడి తిన్నాం.

ఆ సాయంత్రం ఎర్ర కారుకి తాడు కట్టి నా నల్ల కారుని తౌనో షెడ్డుకి లాగింది అక్క. చక్రాల కింద రేకు ముక్కలు పెట్టి జార్చాం. ఊళ్ళో సగం మంది వచ్చి ఫోటోలు తీశారు. మన గ్రూపులో కూడా ఎవరో పెట్టారు, చూసే ఉంటారు. పెట్టింది తౌనోయే, నాకు తెలుసు. షెడ్డులో వెచ్చబడ్డాక బ్రేకు టక్కున వదిలింది. కారుకి గీత కూడా పడలేదు. మూడు రోజులు దాని చేత ఎప్పుడూ చేయని చాకిరీ చేయించి, ఆఖర్న నా తెలివితక్కువతనంతో గడ్డకట్టించినా, ఏమీ జరగనట్టు నిలబడింది. దాన్నీ నేను అమ్మను.

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి జవాబు: రెండూ నమ్మకమైనవే. దేనికి ఏ పని పెడతావో చూసుకో. ఆ కారు పట్ల నువ్వెంత నమ్మకంగా ఉంటావో కూడా చూసుకో. మంచి కార్ల తప్పుల్లో సగం నాలాంటి మనుషులవే. పట్టీ నేను చింపేశాను.

తాడు విప్పుతుంటే కైసా ఫోన్ చేసింది. అక్క చేతి తొడుగు పళ్ళతో లాగి ఫోన్ చెవికి పెట్టుకుంది. పెట్టెలు ఎక్కడివక్కడే ఉంటాయట. అవతల ఆ పిల్ల ఏడుస్తోంది, నాకు కూడా వినబడుతోంది. తౌనో టోపీ తీశాడు. ఏమంటుందా అని అందరం అక్క వైపే చూస్తున్నాం.

"సరే" అంది అక్క. "సోమవారం చలి ఏమైనా తగ్గుతుందంటావా, కైసా?" అని అడిగింది.